పద్నాలుగంటే నలభై వినపడకుండా: చైనీస్ ఉచ్చారణకు రోజూ పావుగంట

భీమవరం పక్కన రొయ్యల చెరువులకు ఏరేటర్ల విడిభాగాలు అమ్మే షాపులో లెక్కలు చూస్తాను. మోటార్లు, గేర్‌బాక్సులు, రెక్కలు, ఫ్లోట్లు... మా షాపులో సగం సరుకు చైనాదే. నాలుగు ముక్కలు వాళ్ల భాష వస్తే బేరం బాగా కుదురుతుందని మా ఓనరుగారు అంటే, ఫోన్‌లో యాప్ పెట్టుకుని మూణ్ణెల్లు కష్టపడ్డాను. మూడొందల మాటలు వచ్చాయి. ఆ ధీమాతో ఓ రోజు అవతలి సేల్స్ ఆవిడతో ఇంగ్లీషు మానేసి, పద్నాలుగు గేర్‌బాక్సులు కావాలని చైనీస్‌లో చెప్పాను. సాయంత్రానికి ఇన్‌వాయిస్ వచ్చింది. అందులో 40 ఉన్నాయి.

ఓనరుగారు పెద్దగా ఏమీ అనలేదు. "ఏవయ్యా, ఆ మిగతా ఇరవయ్యారూ మీ అటక మీద పెట్టుకుంటావా?" అన్నారంతే.

తప్పు ఆవిడది కాదు. చైనీస్‌లో పద్నాలుగు అంటే షి2సి4. నలభై అంటే సి4షి2. అక్షరం పక్కన ఉన్న అంకె ఆ అక్షరం ఏ టోన్‌లో, అంటే గొంతు ఎలా ఎత్తి దించి పలకాలో చెబుతుంది. ష ఎక్కడో స ఎక్కడో తేలకుండా, గొంతు ఎక్కడ లేవాలో ఎక్కడ పడాలో చూసుకోకుండా నేను గబగబా ఏదో అనేశాను. ఆవిడకి ఏది వినపడిందో అదే రాసుకుంది. మూడొందల మాటలు తలలో ఉన్నాయి గానీ ఒక్కటీ నోట్లో లేదని అప్పుడు తెలిసింది.

ఆ మర్నాటి నుంచి పాఠాలు పక్కన పెట్టి రోజూ పావుగంట ఉచ్చారణ మాత్రమే చేశాను. ఎలా చేశానో, ఎక్కడ తప్పటడుగులు వేశానో ఇక్కడ రాస్తున్నాను. చైనీస్ అంటే ఇక్కడ మాండరిన్, అంటే బీజింగ్ పలుకుబడి ఆధారంగా వాళ్లు బడుల్లో, టీవీలో వాడే భాష.

పిన్‌యిన్‌ని తెలుగులో చదవండి

చైనీస్ లిపి చూస్తే ఉచ్చారణ తెలియదు. అందుకని పలుకుబడి చూపడానికి రోమన్ అక్షరాలతో పిన్‌యిన్ అనే పద్ధతి పెట్టారు. చౌ యౌక్వాంగ్ అనే ఆయన ముఖ్యుడిగా ఉన్న కమిటీ తయారుచేసిన ఆ పద్ధతిని 1958 ఫిబ్రవరిలో చైనా ఆమోదించింది. (ఆయన నూట పదకొండేళ్లు బతికి 2017లో పోయారు. రోజూ ఏం తినేవారో తెలిస్తే బాగుండును.) అది చైనా వాళ్లు తమ పిల్లలకి చదువు చెప్పుకోవడానికి చేసుకున్నది. ఇంగ్లీషు వచ్చినవాళ్లకి సులువుగా ఉండాలని చేసింది కాదు.

చైనీస్‌లో మన బ, ద, గ లాంటి శబ్దాలు లేవు. దాంతో బీ, డీ, జీ అక్షరాలు ఖాళీగా మిగిలాయి. వాటిని ప, త, క లకి ఇచ్చేశారు. పీ, టీ, కే అక్షరాలను ఊపిరి గట్టిగా తోసి పలికే వత్తు శబ్దాలకి, అంటే ప్హ, థ, ఖ లకి ఇచ్చారు. ఈ ముక్క తెలియక మనం బీ కనపడగానే బ అంటాం. బీజింగ్‌ని వాళ్లు పలికేది పెయ్3చిఙ్1 అని.

ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాడికి ఈ తేడా చెవికి పట్టాలంటే నెలలు పడుతుంది. మనం ఐదో ఏటే క ఖ, త థ, చ ఛ అని పలక మీద దిద్దినవాళ్లం. కాకపోతే ఒక మెలిక ఉంది. వత్తులు రాస్తాం గానీ పలకం. ఖర్చుని కర్చు అంటాం, కథని కద అంటాం. భీమవరంలో పుట్టి పెరిగిన నేను మా ఊరిని జన్మంతా బీమవరమనే అన్నాను. ఫ సంగతి మరీ దారుణం, ఫలం అన్నా ఫోన్ అన్నా పై పళ్లు కింది పెదవికి తగిలించేస్తాం. అందుకే ఊపిరి తోసే ప కోసం ఇక్కడ ప్హ అని రాస్తున్నాను. ఫ అని కనపడితే అది ఫోన్‌లో ఫ.

ఇప్పుడు నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. పిన్‌యిన్‌లో జెడ్ అక్షరం, జే అక్షరం రెండూ కొత్తవాళ్లని ఏడిపిస్తాయి. మీరు ఒకసారి పైకి అనండి: చాప, చేప. చాప అన్నప్పుడు నాలుక కొన పళ్ల దగ్గర ఉంది. చేప అన్నప్పుడు నాలుక వెనక్కి జరిగి, మధ్యభాగం అంగిలిని తాకింది. రాసేది ఒకటే చ, పలికేవి రెండు. చైనీస్ జెడ్ అంటే చాపలోని చ. చైనీస్ జే అంటే చేపలోని చ. పెద్దబాలశిక్షల్లో చ మీద చిన్న గుర్తు పెట్టి వేరు చేసిన ఆ పాత శబ్దం మన నోట్లో ఇంకా బతికే ఉంది. కోచింగ్ తీసుకోకుండా రెండు శబ్దాలు వచ్చేసినట్టే.

ఇవే రెంటికీ ఊపిరి జోడిస్తే సీ అక్షరం, క్యూ అక్షరం అవుతాయి. ఇక నాలుకని ట, ళ పలికే చోటికి మడిచి చ అంటే జెడ్‌హెచ్. దానికి ఊపిరి కలిపితే సీహెచ్. ఎస్‌హెచ్ అంటే ష, ఎక్స్ అంటే శ. శనివారంలో శ, షష్టిలో ష అని మేష్టారు చెవి మెలిపెట్టి చెప్పినప్పుడు విననందుకు ఇప్పుడు అనుభవించాలి. శ పలికేటప్పుడు నాలుక కొనని కింది పళ్ల వెనక ఆనించండి, పెదాలు నవ్వినట్టు సాగనివ్వండి. ష పలికేటప్పుడు కొన పైకి మడవండి.

మనకి బొత్తిగా లేనివి మూడో నాలుగో ఉన్నాయి. చేప అనే మాట (యూ2) చూడండి. అది మన యూ కాదు. నోటి లోపల ఈ అంటూ, నాలుక కదపకుండా, పెదాలు మాత్రం ఈల వేసేటట్టు గుండ్రంగా పెట్టాలి. లోపల ఈ, బయట ఈల. తాగు అనే మాట (హొ1)లో ఒకారం పెదాలు గుండ్రంగా చుట్టకుండా, వదులుగా పెట్టి పలకాలి. ఇక షి2, సి4 లలో ఇకారం మన ఇకారం కాదు. స్... అని పాము బుస కొట్టినట్టు అంటూ, నాలుక అక్కడే ఉంచి గొంతు కలపండి. నోరు వెడల్పు చేసి సీ అన్నారో, అది శీ అని వినపడుతుంది. ఆర్ అక్షరం మన ర కాదు, ష పలికే చోటే నాలుక ఉంచి గొంతు కలిపితే వచ్చేది.

మాట చివర ఉ తగిలించే అలవాటు కూడా ఇక్కడే వదలాలి. బస్సు, పెన్ను, ఫోను అని ప్రతి మాటకీ ఒక అచ్చు అంటించందే మనకి నిద్ర పట్టదు. మూడు అంటే సాన్1. సాను కాదు. చివర న్, ఙ్ అని రెండు రకాలు వస్తాయి. అక్షరమాలలో తప్ప ఎక్కడా పని లేక కూర్చున్న ఙ కి ఇక్కడ ఉద్యోగం దొరికింది. గంగ అనబోయి రెండో గ దగ్గర ఆగిపోండి, ముక్కులో మిగిలేది ఙ్. థాఙ్1 అంటే సూప్, థాన్1 అంటే అత్యాశ.

ఏమేం కావాలి

ఫోన్, ఇయర్‌ఫోన్, చిన్న నోటుపుస్తకం, వేలెడంత కాగితం ముక్క. ఆడియో ఉన్న నిఘంటువు ఒకటి చాలు. నేను ప్లెకో వాడతాను. మనుషులు రికార్డు చేసిన మాటలు వినడానికి ఫోర్వో సైట్ ఉంది. పది యాప్‌లు దింపుకోకండి. దేనిలోనూ మూడో పాఠం దాటరు.

టైమ్ విషయంలో మొండిగా ఉండాలి. మనకంటే చైనా రెండున్నర గంటలు ముందుంటుంది. మనకి పొద్దున్న ఆరైతే వాళ్లకి ఎనిమిదిన్నర. షాపుకి వాళ్ల ఫోన్లు మొదలయ్యేలోపు నోరు తిరగాలని నేను ఐదున్నరకి పెట్టుకున్నాను. కాలవగట్టు మీద, మనుషులు తక్కువగా ఉన్నచోట. మొదటి వారం గేదెలు తోలుకెళ్లే ఓ పెద్దాయన నన్ను చూసి, ఇంట్లో ఎవరికైనా బాగోలేదా అని అడిగి వెళ్లారు. ఆదివారం ఒకేసారి రెండు గంటలు చేద్దామనుకుంటే పని జరగదు. ఇది కండరాల పని. కల్లంలో బస్తా ఎత్తడం లాంటిది, ఒక్కరోజులో అలవాటు కాదు.

ముందు పది రోజులు: ఒక్క "ఆ"

టోన్లు నాలుగు, వాటికి తోడు తేలిగ్గా, పొట్టిగా పలికేది ఒకటి. గొంతు ఎత్తుని ఒకటి నుంచి ఐదు మెట్లుగా చూపే పద్ధతిని యువెన్ రెన్ చావ్ అనే భాషావేత్త 1930లో పెట్టారు. ఇప్పటికీ అదే వాడతారు. మొదటి టోన్ ఐదో మెట్టు మీద కదలకుండా ఉంటుంది. రెండోది మూడు నుంచి ఐదుకి ఎక్కుతుంది. మూడోది రెండు నుంచి ఒకటికి దిగి, విడిగా పలికితే నాలుగు దాకా లేస్తుంది. నాలుగోది ఐదు నుంచి ఒకటికి పడిపోతుంది.

ఈ అంకెలు చదివి నాకేమీ రాలేదు. తెలుగులో మనం రోజూ అనే "ఆ"లని పట్టుకున్నాకే వచ్చింది. నాదస్వరం పక్కన శ్రుతి పట్టేవాడిని వినండి, కదలడు, దిగడు. గొంతు ఆ ఎత్తులో నిలబెట్టి ఆ అంటే మొదటి టోన్. కాలవ అవతలి గట్టు నుంచి ఎవరో ఏదో అరిచారు, మీకు వినపడలేదు. "ఆఁ?" అంటారు. అది రెండో టోన్. రాత్రి కథ చెబుతుంటే నిద్రమత్తులో ఊఁ కొడతాం చూశారా, గొంతు అడుగున, గరగరలాడుతూ? అది మూడో టోన్.

నాలుగోదానికి మన పెళ్లిభోజనం కావాలి. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలు! చాలు!" అంటాం. గోదావరి జిల్లాల్లో ఆ మాటని మెత్తగా, సాగదీసి, చివర పైకి లేపి అన్నారంటే ఇంకో గరిటె నెయ్యి పడుతుంది. పైనుంచి కిందికి కొట్టినట్టు అంటేనే వడ్డించేవాడు ఆగుతాడు. ఆ పడిపోయే గొంతే నాలుగో టోన్. కోపం అక్కర్లేదు, పడటం ఉంటే చాలు.

పది రోజులు ఈ నాలుగు "ఆ"లే. వరసగా కాదు, కలగాపులగంగా. తర్వాత మా మీద పెట్టండి. మా1 అంటే అమ్మ, మా2 జనపనార, మా3 గుర్రం, మా4 తిట్టడం. ఇంట్లో మా1మ, మా1మ అని సాధన చేస్తే మా మేనల్లుడు తనని పిలుస్తున్నానేమో అనుకుని వచ్చాడు. మనకి మామ, వాళ్లకి అమ్మ.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, మనకి దీర్ఘానికీ హ్రస్వానికీ అర్థం మారుతుంది గనక, టోన్ మార్చమంటే మనం పొడుగు మారుస్తాం. మా2 అనబోయి మాాా అని సాగదీస్తాం. కదలాల్సింది ఎత్తు. రెండు, రికార్డులో అమ్మాయి గొంతు ఉంటే ఆ ఎత్తుకి మీరు ఎగబాకక్కర్లేదు. ఐదో మెట్టు అంటే మీ గొంతులో మీకు హాయిగా అందే పై మెట్టు.

పదకొండో రోజు నుంచి పావుగంట

మొదటి మూడు నిమిషాలు నోరు మూసుకోవాలి. చెవికి పట్టనిది నోటికి రాదు. నిఘంటువులో దగ్గరగా ఉండే రెండు మాటలు తీసుకోండి. ఉదాహరణకి మాయ్3 అంటే కొనడం, మాయ్4 అంటే అమ్మడం. వ్యాపారంలో ఉన్నవాళ్లకి ఇంతకంటే అవసరమైన జత లేదు. ఇంట్లో ఎవరినైనా ఫోన్ పట్టుకుని తోచిన వరసలో పదిసార్లు నొక్కమనండి. ఎవరూ దొరక్కపోతే రెండూ రికార్డు చేసి ఒక ప్లేలిస్టులో కలగలిపి వేసుకోండి. విన్న ప్రతిసారీ నోటుపుస్తకంలో 3 అనో 4 అనో రాయండి. పదిలో ఎనిమిది సరిపోయాయంటే రేపు కొత్త జత. లేకపోతే రేపు కూడా ఇదే. టోన్ జతలు అయ్యాక స ష, శ ష, న్ ఙ్ జతలు. నాకు శ ష కి పదహారు రోజులు పట్టింది, అదేమీ నామర్దా కాదు.

తర్వాత నాలుగు నిమిషాలు నోటికి. కాగితం ముక్కని పెదాలకి బెత్తెడు దూరంలో వేలాడదీయండి. పావ్3 అనండి, కాగితం కదలకూడదు. ప్హావ్3 అనండి, ఎగరాలి. పావ్3 అంటే కడుపు నిండటం, ప్హావ్3 అంటే పరుగెత్తడం. భోజనం బల్ల దగ్గర "కడుపు నిండిందండీ" అనబోయి "పారిపోయానండీ" అన్నట్టు ఉంటుంది. అలాగే త్వెయ్4, థ్వెయ్4. మొదటిది సరే, నిజమే అని. రెండోది సరుకు వాపసు చేయడం. ఈ జత మా షాపులో నేను గోడకి అంటించుకున్నాను. కొవ్3 కుక్క, ఖొవ్3 నోరు. కాగితం లేకపోతే అరచెయ్యి అడ్డం పెట్టుకున్నా తెలుస్తుంది. పొద్దున్న చలిలో అయితే ఆవిరే కనపడుతుంది, కాకపోతే మన డెల్టాలో ఆ చలి ఏడాదికి నాలుగు రోజులు.

చ కుటుంబం కూడా ఈ నాలుగు నిమిషాల్లోనే. చాప, చేప అని రెండుసార్లు అనుకుని, ఆ వేడి మీదే చైనీస్ మాటలోకి దూకండి. చాప, చాయ్4 (ఉన్నాను). చేప, చీ1 (కోడి). ఊపిరి తోసి ఛీ1 అంటే ఏడు.

ఆ తర్వాత ఐదు నిమిషాలూ టోన్ జతలకి. పావుగంటలో ఏదైనా వదులుకోవాల్సి వస్తే మిగతావి వదలండి గానీ ఇది వదలకండి. చైనీస్‌లో చాలా మాటలు రెండు అక్షరాలవి. విడిగా నాలుగు టోన్లూ చిలకలా పలికినవాడు కూడా రెండు కలిపేసరికి తడబడతాడు. నాలుగు నాలుగుల పదహారు, తేలిక టోన్‌తో నాలుగు, మొత్తం ఇరవై జతలు. ఒక్కో జతకి మీకు బాగా గుర్తుండే మాట ఒక్కటి పెట్టుకోండి. ఆ మాట ఆ జతకి ఇంటిపేరు లాంటిది. కొత్త మాట ఎదురైనప్పుడు "ఇది త్యెన్4నావ్3 ఇంటిది" అనుకుంటే నోరు దానంతటదే తిరుగుతుంది.

నావి కొన్ని చెబుతాను. 1-1 కి చిన్1థ్యెన్1, ఈరోజు. 1-2 కి చోఙ్1క్వొ2, చైనా. 2-1 కి మిఙ్2థ్యెన్1, రేపు. 2-2 కి యిన్2హాఙ్2, బ్యాంకు. 2-3 కి న్యొవ్2నాయ్3, పాలు. 3-1 కి లావ్3షి1, మేష్టారు. 3-2 కి మెయ్3క్వొ2, అమెరికా. 3-4 కి మీ3ఫాన్4, అన్నం. 4-1 కి మ్యెన్4పావ్1, బ్రెడ్. 4-3 కి త్యెన్4నావ్3, కంప్యూటర్. 4-4 కి త్యెన్4హ్వా4, ఫోన్. 2-4, 4-2 ల గురించి అడక్కండి, పద్నాలుగూ నలభై.

ఈ జతలు చేస్తుంటే మూడో టోన్ సంగతి తేలుతుంది. పుస్తకంలో దాన్ని గుంటలోకి దిగి ఎక్కినట్టు బొమ్మ వేస్తారు. మాటల మధ్యలో అది ఎక్కదు. కిందికి దిగి అక్కడే ఉంటుంది, ఊఁ కొట్టినట్టు. లావ్3షి1 లో లావ్ ని దించి ఎత్తి చూపించబోతే షి కి చోటుండదు. నేను రెండు నెలలు ఆ బొమ్మని నమ్మి నష్టపోయాను. ఇక రెండు మూడోవి పక్కపక్కన వస్తే మొదటిది రెండో టోన్ అవుతుంది. నమస్కారం అనడానికి నీ3 హావ్3 అని రాస్తారు, పలికేది నీ2 హావ్3. కాదు అనే పు4 కి తర్వాత నాలుగో టోన్ వస్తే అది పు2 అవుతుంది. ఒకటి అనే యి1 కూడా పక్కవాడిని బట్టి మారుతుంది. నాలుగో టోన్ ముందు యి2, మిగతా మూడింటి ముందు యి4. మనకి సంధులు కొత్తా? సూత్రం బట్టీ పట్టకుండా, మాటలు అంటూ పోతే చాలు.

చివరి మూడు నిమిషాలు ఒకే ఒక్క వాక్యం. ఆరేడు అక్షరాలు మించకూడదు. ఒకసారి వినండి, రెండోసారి వాళ్లతో పాటే అనండి, మూడోసారి మీ ఫోన్‌లో రికార్డు చేయండి. వెంటనే వాళ్లదీ మీదీ పక్కపక్కన వినండి. మొదటి వారం మీ గొంతు మీకే నచ్చదు. వినక తప్పదు. నోటుపుస్తకంలో ఒకే ఒక్క తప్పు రాయండి, "మూడో అక్షరం పైకి లేచింది" అని. ఐదు తప్పులు రాస్తే రేపు ఒక్కటీ దిద్దుకోలేరు.

మన చుట్టూ ఉన్నవాళ్లకి ఒక బహుమతి లాంటి మాట ఉంది. వనామీ రొయ్యని 2009 నుంచి మన దేశంలో పెంచనిచ్చారు, ఇవాళ మన చెరువుల నిండా అదే. చైనా వాళ్లు దాన్ని నాన్2మెయ్3 పాయ్2 త్వెయ్4శ్యా1 అంటారు. దక్షిణ అమెరికా తెల్ల రొయ్య అని. ఐదు అక్షరాల్లో నాలుగు టోన్లూ ఉన్నాయి, శ ఉంది, ఊపిరి లేని ప, త ఉన్నాయి, మొదటి అక్షరం చివర న్ ఉంది. రోజూ సాధన మొదలుపెట్టే ముందు నోరు కడుక్కున్నట్టు దీన్ని ఐదుసార్లు అంటాను.

వారం ఎలా పంచుకోవాలి

సోమవారం మొదటి టోన్‌తో మొదలయ్యే జతలు, మంగళవారం రెండోది, బుధ గురువారాలు మూడు, నాలుగు. శుక్రవారం తేలిక టోన్, మారే టోన్లు. శనివారం పూర్తిగా అంకెలు. యి1, ఎర్4, సాన్1, సి4, వు3, ల్యొవ్4, ఛీ1, పా1, చ్యొవ్3, షి2. పది మాటల్లో నాలుగు టోన్లూ వచ్చేశాయి చూడండి. మీ ఫోన్ నంబరు, బండి నంబరు, కరెంటు బిల్లు, ఏది కనపడితే అది చదవండి. ఫోన్ నంబరు చెప్పేటప్పుడు మాత్రం ఒకటిని యావ్1 అంటారు. యి1 కీ ఏడు అనే ఛీ1 కీ పొరపాటు పడకుండా వాళ్లు పెట్టుకున్న ఏర్పాటు అది. అంకెల దగ్గర వాళ్లకే అంత జాగ్రత్త ఉంటే మనకెంత ఉండాలి!

ఆదివారం కొత్తది ఏదీ వద్దు. వారం రికార్డులు వరసగా వినండి, అంతే.

సరిగ్గా పలుకుతున్నామో లేదో ఎవరు చెబుతారు

ఫోన్ కీబోర్డులో చైనీస్ వాయిస్ టైపింగ్ పెట్టి మాట్లాడి చూడొచ్చు. షి2సి4 అంటే 14 పడిందా, 40 పడిందా? మంచి పరీక్షే. కానీ పెద్ద వాక్యం చెబితే అది చుట్టుపక్కల మాటల్ని బట్టి ఊహించుకుని మీ తప్పులు కప్పేస్తుంది. విడి మాటలే చెప్పండి. కంప్యూటర్ ఉన్నవాళ్లకి ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మీ గొంతు ఎత్తుని గీతలా చూపిస్తుంది. నాలుగో టోన్ అనుకుని మీరు అన్నది నిజంగా పడిందో, బల్లపరుపుగా ఉందో కళ్లతో చూడొచ్చు.

మనిషి దొరికితే ఇంకా మంచిది. 2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో చైనా వాళ్లు మాట్లాడుకునే వీచాట్ కూడా ఉంది కాబట్టి ఆ దారి లేదు. మా సరఫరాదారుల దగ్గర పనిచేసేవాళ్లతో వేరే కాల్స్‌లోనే వారానికి ఐదు నిమిషాలు అడుగుతాను. అడిగే తీరు ముఖ్యం. "బాగుందా?" అని అడిగితే మర్యాదకి చాలా బాగుందంటారు. మనం మాత్రం ఇంటికొచ్చిన చుట్టం పాట పాడితే బాగోలేదంటామా? అందుకని మాయ్3 గానీ మాయ్4 గానీ అని, "మీకు ఏది వినపడింది, కొనడమా, అమ్మడమా?" అని అడగండి. ఆ జవాబులో మొహమాటానికి చోటుండదు.

మన గోదావరి యాసతో వచ్చే చిక్కు ఒకటి ఈ కాల్స్‌లోనే బయటపడింది. మనం మర్యాదగా ఏదైనా అడిగితే మాట చివర లేపుతాం. "వస్తారాండీ?", "ఎంతండీ?" ఆ లేపడం మన నరాల్లో ఉంది. తెలుగులో ఆ ఎత్తు వాక్యం మొత్తానిది, మన మనసులో ఏముందో చెబుతుంది. చైనీస్‌లో ఎత్తు ఆ అక్షరం సొంత ఆస్తి. నేను మర్యాద కొద్దీ ప్రతి వాక్యం చివరా లేపేసరికి నా నాలుగో టోన్లన్నీ రెండో టోన్లు అయిపోయాయి. "అమ్ముతారా?" అనడానికి మాయ్4 మ అని, మాయ్ ని కిందికి కొట్టి, ప్రశ్న సంగతి ఆ మ కి వదిలేయాలి. మొరటుగా ఉందేమో అనిపిస్తుంది. వాళ్లకి అలా వినపడదు.

ఒకరోజు తప్పిపోతే

చెరువు పట్టుబడి రోజుల్లో నాకు పావుగంట కూడా దొరకదు. అలాంటప్పుడు బండి మీద పోతూ వనామీ పేరు, పది అంకెలు, నాలుగు "ఆ"లు. రెండు నిమిషాలు. మర్నాడు అరగంట చేసి బాకీ తీర్చే ప్రయత్నం చేయకండి, మళ్లీ పావుగంటే. జలుబు చేసి గొంతు పోయిన రోజు చెవి పని మాత్రం చేయండి.

మొదటి ఆరు వారాలు కొత్త మాటలు నేర్చుకోవడం బాగా తగ్గించండి. తప్పుడు ఉచ్చారణతో వంద మాటలు నేర్చుకుంటే తర్వాత ఆ వందా మళ్లీ నేర్చుకోవాలి, నాకు మూడొందలు అలా అయ్యాయి. ఆరు వారాల తర్వాత మొదటిరోజు రికార్డు ఒకసారి తీసి వినండి. అప్పుడు వాక్యాన్ని పన్నెండు అక్షరాలకి పెంచండి, మాటల పుస్తకం మళ్లీ తెరవండి. మాట నోటుపుస్తకంలో రాసుకునేటప్పుడు టోన్ అంకె లేకుండా ఒక్కటి కూడా రాయకండి. నేను పాత మూడొందలూ అంకెలతో మళ్లీ రాశాను.

ఇప్పుడు ఫోన్‌లో పద్నాలుగంటే పద్నాలుగే వస్తున్నాయి. అయినా ఆర్డరు చెప్పాక అంకె వేసి మెసేజ్ కూడా పెడతాను, మా ఓనరుగారి అటక కూడా నిండిపోయింది మరి.